మూగవాటి పెట్టె

ఆ షాపులో టేపులకు రెండు పెట్టెలు. మాట్లాడేవాటికొకటి, మూగవాటికొకటి.

పాత వీడియో టేపులను కంప్యూటరు ఫైళ్లుగా మార్చి ఇచ్చే షాపు అది. మెట్ల కింద ఇరుకు గది, అందులో మూడు టేపు ప్లేయర్లు, రెండు కంప్యూటర్లు, గాలి కన్నా చప్పుడు ఎక్కువ ఇచ్చే ఒక ఫ్యాను. వచ్చిన ప్రతి టేపునూ ముందు అర నిమిషం తిప్పి చూస్తారు. శబ్దం ఉంటే నీలం ప్లాస్టిక్ పెట్టెలోకి, లేకపోతే పక్కనున్న అట్టపెట్టెలోకి. శబ్దం లేని టేపు అంటే వాళ్ల అనుభవంలో ఏ గిడ్డంగి కాపలా కెమెరాదో, లేదా కెమెరా ఆపడం మర్చిపోయి ఎవరో తన చెప్పులనే అరగంట తీసుకున్నదో అయివుంటుంది. అందుకని యజమాని వాటికి వేరే పద్ధతి పెట్టాడు. అన్నిటికన్నా చిన్న ఫైలు, అన్నిటికన్నా తక్కువ సమయం, పని కాగానే కంప్యూటరులోని ముడి నకలు చెరిపేయడం. "మాటే లేనిదానికి మెరుగులెందుకమ్మా?" అనేవాడు. పదకొండేళ్లుగా ఆ మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. అట్టపెట్టె మీద మార్కరుతో గుండ్రటి అక్షరాలలో 'మూగవి' అని రాసిన ఆవిడ అసలే చెప్పలేదు.

ఆవిడను షాపులో అందరూ భూతద్దం అంటారు. తెరకు ముక్కు ఆనించి పనిచేస్తుంది. బొమ్మలో ఎక్కడ చుక్క పడినా, గీత కదిలినా, రంగు కారినా ఆమె కన్ను తప్పించుకోలేదు. మిగతావాళ్లు చూసి బాగుందన్నదాన్ని ఆమె ఇంకో గంట తోమేది. ఆమె చేతి నుంచి వెళ్లిన బొమ్మ కడిగిన పలకలా ఉండేది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు, తెలిసినట్టు కనపడకుండా ఉండడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

బుధవారం పొద్దున షట్టరు ఎత్తీ ఎత్తకముందే ఇద్దరు వచ్చారు. బస్సు కండక్టరు యూనిఫాంలో ముప్పై అయిదేళ్ల ఆడమనిషి, ఆమె వెనక ఒక పెద్దాయన. పెద్దాయన పొడుగ్గా, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న ఇస్త్రీ చొక్కాతో, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకుని ఉన్నాడు. కుర్చీ చూపిస్తే జేబుల్లోంచి చేతులు తీయకుండానే కూర్చున్నాడు.

"మొన్న మీరిచ్చిన ఫైలండీ," అంది కండక్టరు పెన్‌డ్రైవు బల్ల మీద పెట్టి. "ఇందులో మాటలు లేవు."

యజమాని రిజిస్టరు తిరగేశాడు. "ఇదా? టేపులోనే సౌండు లేదమ్మా. లేనిదాన్ని మేమెక్కణ్ణుంచి తెస్తాం?"

"సౌండు లేదని మాకూ తెలుసు. నేను మాటలు లేవంటున్నాను."

అప్పుడు కండక్టరు పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. ఆయన వాళ్ల నాన్న. పుట్టు చెవుడు. ఇరవై ఏళ్లు పుస్తకాల బైండింగు చేశాడు. ఆ బైండింగు షెడ్డులో పనివాళ్లంతా వినపడనివాళ్లే. షెడ్డు మూసేసే రోజున ఆయన అందరి ముందూ నిలబడి ముప్పావుగంట మాట్లాడాడు, చేతులతో. ఎవరో కెమెరా అరువు తెచ్చి తీశారు. వినేవాళ్లెవరూ లేరు కాబట్టి మైకు పెట్టలేదు.

"మరి ఇప్పుడు మళ్లీ చెప్పమంటే సరిపోదా?" అన్నాడు యజమాని. చెడ్డవాడు కాదు, ఆలోచన కన్నా నోరు ఒక అడుగు ముందుంటుంది, అంతే. "అయినా ఈయనకి ఇదంతా చెప్పడం చెవిటివాడి ముందు శంఖం..."

సగంలో నాలుక కరుచుకున్నాడు. కండక్టరు నవ్వింది. "శంఖం వినపడదండీ. ఊదేవాళ్ల బుగ్గలు మాత్రం మా నాన్నకి బాగా కనపడతాయి." తర్వాత నవ్వు తగ్గించి, "మళ్లీ చెప్పలేరు. రెండేళ్ల నుంచి చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. ఇంట్లో కూడా మానేశారు," అంది.

భూతద్దం ఫైలు తెరిచింది. ముక్కు తెరకు ఆనించింది.

వెనక గోడ నిండా పుస్తకాలు. ఒక్కో వీపూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. ముందు నలభై ఏళ్ల మనిషి, చేతులు పైకి మడిచిన చుక్కల చొక్కా. మోచేతుల దాకా బాగానే ఉంది. మణికట్టు దాటాక చేతులు లేవు. వాటి చోట చర్మం రంగు గళ్లు, చెదిరి, అతుక్కుని, మళ్లీ చెదురుతున్నాయి. ముప్పావుగంట సేపు ఆ మనిషి గోధుమరంగు ముద్దలను గాలిలోకి విసురుతూనే ఉన్నాడు.

ఆమెకు కారణం తెలుసు. ఫైలు చిన్నదిగా కావాలంటే కంప్యూటరు పొదుపు చేస్తుంది. కదలని వాటిని ఒకసారి శుభ్రంగా గీసి పెట్టుకుని అదే చూపిస్తూ పోతుంది, కదిలేవాటి దగ్గరికి వచ్చేసరికి దాని చేతిలో ఏమీ మిగలదు. కదలని పుస్తకాలకు విందు, కదిలే చేతులకు పస్తు.

"టేపు మళ్లీ వేస్తాను," అంది. యజమాని వంక చూడలేదు. "మంచి సెట్టింగులో."

కానీ ఇంకా తిరిగివ్వని ఆ టేపును అల్మారాలోంచి తీసి మూత ఎత్తగానే లోపల గోధుమరంగు పొడి రాలింది. పోయిన వారం ఈ టేపే కీచుమని అరిచి ప్లేయరులో టేపును చదివే హెడ్డంతా పాడుచేసిందని అప్పుడు గుర్తొచ్చింది. మూగది కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దాయన లేచి వచ్చాడు. జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. ఆ చెయ్యి గాలి లేకపోయినా ఆడుతున్న ఆకులా ఉంది. రాలిన పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వాసన చూసి, కూతురి వైపు ఏదో చూపించాడు. కూతురు కళ్లు చిట్లించింది. ఆయన మళ్లీ చూపించాడు. మూడోసారికి గానీ ఆమెకు అందలేదు.

"పొడిని పట్టి ఉంచే జిగురు చచ్చిపోయిందంటున్నారు. ఇలాగే తిప్పితే మొత్తం రాలిపోతుందట. వెచ్చబెట్టాలట. తర్వాత ఒక్కసారి తిరగొచ్చట."

"ఒక్కసారా?"

"ఒక్కసారే అంటున్నారు."

చెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది.

*

గురువారం ఆయన ఒక్కడే వచ్చాడు, ఆటోలో ఒక చెక్కపెట్టె వేసుకుని. బైండింగు షెడ్డులో అట్టలు ఆరబెట్టే పెట్టె అది. అడుగున బల్బు, పైన సన్నటి బద్దల అర, పక్కల గాలికి కన్నాలు. భూతద్దం టేపును బద్దల మీద పెట్టి, సందులోంచి థర్మామీటరు దూర్చింది. ఆయన దాని వంక చూసి తల తిప్పుకున్నాడు. మూత మీద మణికట్టు వెనకభాగం ఆనించి, కాసేపు కళ్లు మూసుకుని, ఒక కన్నాన్ని అట్టముక్కతో మూశాడు. ఆమె థర్మామీటరు చూస్తే, ఇంటర్నెట్టులో చదివి రాసిపెట్టుకున్న అంకె దగ్గరే నిలిచి ఉంది.

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆయన టీకి తప్ప ఆ పెట్టె పక్క నుంచి కదల్లేదు. గంటకోసారి టేపును ఇటుది అటు తిప్పేవాడు. తిప్పేముందు రెండు చేతులనూ ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని, వణుకు కాస్త తగ్గాక వదిలేవాడు. భూతద్దం తన పని తాను చేసుకుంటూ ఓరకంట అదే చూసింది. మధ్యాహ్నం ఇక ఆగలేక ఒక కాగితం మీద 'ఇంకా ఎంతసేపు?' అని రాసి ఇచ్చింది. ఆయన పెన్ను తీసుకున్నాడు. అక్షరాలు చీమల బారులా వంకర్లు పోయాయి గానీ చదవడానికి వచ్చాయి.

'తొందర పెట్టకు. జిగురుకు కూడా చెవులుండవు.'

ఆమె ఫక్కున నవ్వింది. ఆయన కూడా నవ్వి, చుట్టూ చూస్తూ, అట్టపెట్టె దగ్గర ఆగాడు. 'మూగవి' అన్న అక్షరాలను చదివాడు. వేలితో వాటిని ఒకసారి తట్టి, అదే వేలితో తన రొమ్ము తట్టుకుని, కనుబొమలు ఎగరేశాడు.

కోపం ఏమీ లేదు ఆ ముఖంలో. ఉంటే బావుండునని భూతద్దానికి అనిపించింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆయన టీకి వెళ్లినప్పుడు ఆ అట్టపెట్టెను గోడ వైపుకు తిప్పింది. అటుపక్క కూడా అదే రాసి ఉంది. తానే రాసింది, రెండు వైపులా కనపడాలని.

*

శుక్రవారం పొద్దున టేపు వేశారు. కండక్టరు సెలవు పెట్టి వచ్చింది. యజమాని "ప్లేయరు పోతే నీదే పూచీ" అని ఒకమాట అనేసి, తీరా మీట నొక్కే సమయానికి తానే వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఈసారి ముడి నకలు చెరపడానికి వీల్లేదని భూతద్దం ముందే చెప్పేసింది. నలభై ఆరు నిమిషాలు ఆ గదిలో ఎవరూ కుర్చీ కూడా జరపలేదు. ముప్పై ఎనిమిదో నిమిషంలో టేపు ఒకసారి కీచుమంది. వినపడే ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. పెద్దాయన వాళ్ల ముఖాలు చూసి ఉలిక్కిపడ్డాడు. ప్లేయరు మీద అరచెయ్యి ఆనించి, లోపలి కదలికను చేత్తో విని, పరవాలేదన్నట్టు తలాడించాడు. చివరికంటా తిరిగి ఆగాక ఆమె టేపు బయటికి తీసింది. రిబ్బను సగం దాకా పొడి వదిలేసి గాజులా మారింది. ఇంక ఉన్నదంతా కంప్యూటరులో ఉన్నదే.

అప్పుడు భూతద్దం తన విద్యంతా చూపించింది. పాత టేపుల మీద ఇసుక చల్లినట్టు ఎగిరే చుక్కలను తుడిచేసే పరికరం ఒకటి కంప్యూటరులో ఉంది. దాన్ని గట్టిగా బిగించింది. రంగులు సరిచేసింది. కదిలే అంచుల దగ్గర లేచే దువ్వెన పళ్లలాంటి గీతలను తీసేసింది. ఫైలు ఎంత పెద్దదయితే అంత కానిమ్మంది. మధ్యాహ్నం మూడింటికి బొమ్మ వచ్చింది. నిన్న తీసినట్టుంది. చుక్కల చొక్కా మీద చుక్కలు మెరుస్తున్నాయి. అయిదు వేళ్లకు అయిదు వేళ్లూ కనపడుతున్నాయి. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, మెచ్చుకోలు కోసం ఎదురుచూసింది.

పెద్దాయన అయిదు నిమిషాలు చూశాడు. జేబులోంచి చెయ్యి కొంచెం తీసి కూతురికి ఏదో చెప్పాడు.

"ఎవరీయన, అంటున్నారు," అంది కండక్టరు ఇబ్బందిగా. "అందంగానే ఉన్నాడు గానీ, మాటకీ మాటకీ మధ్య మింగేస్తున్నాడు అంటున్నారు."

భూతద్దానికి ఒళ్లు మండింది. పదకొండేళ్లలో ఆమె బొమ్మను ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. "ఎక్కడ మింగాడు? చూపించమనండి," అంది.

ఆయనను ఇంటికి పంపి, కండక్టరు ఆమె పక్కన కూర్చుంది. ఒక్కో బొమ్మా ఆపుతూ ముందుకు నడిపారు.

"ఇదిగో, ఇక్కడ. ఎడమచేతి మీద వేలితో ఒకసారి తడితే దారం. రెండుసార్లు తడితే నాన్నతో పనిచేసే ఒకాయన పేరు. షెడ్డులో వాళ్లు పెట్టుకున్న గుర్తులు ఇవి. ఇక్కడ ఒక్కసారే తడుతున్నారు."

"అయితే?"

"అయితే ఏముందక్కా, దారం లేచొచ్చి పుస్తకాల మూట భుజాన వేసుకుని మెట్లెక్కింది!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే భూతద్దం ముడి నకలు తెరిచి అదే చోటికి వెళ్లింది. నవ్వు ఆగిపోయింది. ముడి నకలులో రెండో తట్టు ఉంది. ఇసుక మధ్యలో, మసకగా, ఒకే ఒక్క బొమ్మలో వేలు కిందికి వచ్చి లేచింది. ఆమె బిగించిన పరికరం ముందు బొమ్మనూ వెనక బొమ్మనూ పోల్చి చూసి, రెండింటిలోనూ లేని ఆ వేలిని దుమ్ము అనుకుని తుడిచేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఊడింది తన నాలుక కూడా కాదు.

ఇంకా దగ్గరికి వెళ్లి చూసింది. టేపు మీద ఏ బొమ్మా మొత్తంగా ఉండదు. ఒక క్షణంలో బేసి గీతలు, మరుక్షణంలో సరి గీతలు. సెకనుకు పాతిక బొమ్మలంటారు గానీ నిజానికి యాభై సగాలు. మనిషి కదలకపోతే రెండు సగాలూ కలిసిపోతాయి. కదిలితే కలవవు, అంచున దువ్వెన పళ్లు లేస్తాయి. ఆ పళ్లు కనపడకూడదని అందరూ ఒక సగాన్ని పారేస్తారు. ఆమె కూడా పదకొండేళ్లుగా పారేస్తూనే ఉంది. నడిచేవాళ్లు, నవ్వేవాళ్లు, కేకు కోసేవాళ్లు, ఎవరికీ ఏ లోటూ కనపడలేదు. ఈ మనిషి మాత్రం ఆ పారేసిన సగంలో కూడా మాట్లాడుతున్నాడు.

"మీరు ఇంత వేగంగా ఎలా చదువుతారు?" అని అడిగింది.

"మీరు నా మాటలు వింటున్నారు కదా, అలాగే," అంది కండక్టరు.

*

శనివారం పొద్దున భూతద్దం చుక్కలు తుడిచే పరికరాన్ని ఆపేసింది. చేతికి అలవాటైన పని చేయకుండా ఉండడం, చేయడం కన్నా కష్టంగా ఉంది. రెండు సగాలనూ విడదీసి, ఒక్కో సగాన్నీ ఒక్కో బొమ్మగా సాగదీసి, సెకనుకు యాభై వచ్చేట్టు పెట్టింది. మొత్తం ఫైలు తయారయ్యేసరికి మధ్యాహ్నమయింది.

తెర మీద ఇసుక ఎగురుతోంది. చేతులు మాత్రం ఎక్కడా విరగకుండా కదులుతున్నాయి. కదులుతూ, సన్నగా వణుకుతున్నాయి. ఆమె ఆ వణుకును చూసింది. చుక్కను వదలని మనిషి, దాన్ని చూసి కూడా వదిలేసింది. పాపం, అప్పటికే మొదలైనట్టుందే అనుకుంది.

పెద్దాయన, కూతురు వచ్చారు. ఆయన ఈసారి కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. మొదటి నిమిషంలో ముఖం విప్పారింది. రెండో నిమిషంలో కళ్లు తెర మీది చేతుల మీదే ఆగిపోయాయి. తన ఒడిలోకి చూసుకున్నాడు. మళ్లీ తెర వైపు. తర్వాత లేచి, రెండు చేతులూ జేబుల్లో దోపుకుని, ఎవరి వంకా చూడకుండా తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

"ఏమైంది? ఇప్పుడు మాటలు లేవా?"

"మాటలున్నాయి, అన్నీ ఉన్నాయి," అంది కండక్టరు. "కానీ ఆ వణుకేంటక్కా? అప్పుడు నాన్న చేతులు వణికేవి కావు. ఒక్క పోగు కూడా పక్కకు పోకుండా కుట్టేవారు. ఆ రోజుల్లో కూడా తను ఇలాగే ఉండేవాడా, అందరూ జాలిపడి చెప్పలేదా అనుకుని ఉంటారు. రేపు ఆ షెడ్డులో పనిచేసినవాళ్లు వస్తున్నారు. ముగ్గురే మిగిలారు. దీనికోసమే వస్తున్నారు. ఇప్పుడాయన రారు."

ఆమె తండ్రి వెనక పరుగెత్తింది. భూతద్దం తెర ముందు ఒక్కతే మిగిలింది.

ఆ మనిషిని నాలుగు రోజులుగా చూస్తోంది కాబట్టి ఆ వణుకు ఆయనదే అనుకుంది. ఇంకెవరి చేతులైనా అయితే ఈపాటికి సెట్టింగులన్నీ తిరగేసేది. ఇన్నేళ్ల కన్ను, జాలి అడ్డం రాగానే గుడ్డిదయింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

మొదటి నుంచీ మళ్లీ నడిపింది. ఈసారి చేతులను వదిలేసి మిగతాదంతా చూసింది. పన్నెండో నిమిషంలో వెనక ఎవరో ఒకావిడ అట్టల కట్ట మోసుకుంటూ వెళ్లింది. కట్ట పైనుంచి ఒక కాగితం జారింది. గాలిలో తేలుతూ కిందికి దిగింది. దిగుతూ, దిగుతూ, పిసరంత పైకి లేచి, మళ్లీ దిగింది. మళ్లీ పిసరంత పైకి.

కింద పడే కాగితం అడుగడుగునా వెనక్కి తగ్గదు.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. బేసి సగం ముందు రావాల్సిన చోట సరి సగం ముందు వస్తోంది. ప్రతి జంటలోనూ తర్వాతి క్షణం ముందూ, ముందటి క్షణం తర్వాతా. చెయ్యి రెండడుగులు ముందుకు, ఒక అడుగు వెనక్కి. వణికింది చేతులు కాదు, వరుస. మిగతావన్నీ మార్చినా మూగవాటికి ఎంచిపెట్టిన పాత సెట్టింగులోంచి ఈ ఒక్కటి మారకుండా వచ్చింది, అందులో ఆ వరుస తలకిందులుగా ఉంది. ఎన్నాళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు. ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఒక్క గడిలో టిక్కు తీసేసి, మళ్లీ నడిపింది.

కాగితం నేరుగా నేలకు దిగింది. పెద్దాయన చేతులు లేచాయి.

ఆమె అంతవరకు ఆ చేతుల్లో బొమ్మ బాగోగులే చూసింది. ఇప్పుడు చూడడానికి లోపమేదీ లేకపోయింది. ఎడమ అరచెయ్యి పుస్తకమైంది, కుడిచెయ్యి దాన్ని బోర్లించి కుట్టింది. చేతులు విడిపోయి ఒక పొట్ట అయ్యాయి, పొట్ట మీద కోటు, ముక్కు మీద కళ్లద్దాలు. ఎవరో పెద్దమనిషి. అట్ట తలకిందులుగా వేసిన లావుపాటి పుస్తకాన్ని ఆ పెద్దమనిషి అందరి ముందూ తెరిచాడు. తప్పు పట్టలేడు, అప్పటికే ఆహా ఓహో అనేశాడు. మెడ ఒక పక్కకు వంచాడు. ఇంకా వంచాడు. పేజీ తిప్పాడు, గంభీరంగా తలాడించాడు, మెడ పట్టేసింది. వంచిన మెడతోనే ఇంటికి నడిచాడు. వీధిలో కుక్క కూడా అతన్ని చూసి తల పక్కకు వంచింది.

భూతద్దం పైకే నవ్వేసింది. నవ్విన తర్వాత గానీ ఒళ్లు జలదరించలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. గదిలో ఫ్యాను తప్ప చప్పుడు లేదు. పది వేళ్లతో ఒక మనిషి ఒక వీధిని నిలబెట్టి, అందులో కుక్కను కూడా పెట్టాడు, అది ఆమెకు కనపడింది. ఆ అట్టపెట్టెలో వేసినవాటిలో ఇంకేమేం ఉన్నాయో అన్న తలపు వచ్చింది.

తర్వాత కండక్టరుకు ఫోను చేసింది. "కాగితం," అంది ముందుగా. అవతల ఏమీ అర్థం కాలేదని గ్రహించి మొదటి నుంచి చెప్పింది. "వణుకు మాది. మీ నాన్నగారిది కాదు. అది ఆయనకి సరిగ్గా చెప్పు. మాది అని చెప్పు."

*

ఆదివారం షాపుకు సెలవు. భూతద్దం తాళాలు తీసుకుని తెరిచింది. యజమాని కూడా వచ్చాడు, సెలవు రోజు కరెంటు ఎవరు కాలుస్తున్నారో చూడాలని, అలా అన్నాడు మరి. బైండింగు షెడ్డువాళ్లు ముగ్గురు వచ్చారు. ఒక లావుపాటాయన, చేతికర్రతో ఇంకొకాయన, తెల్లజుట్టు ముడి వేసుకున్న ఒకావిడ. అట్టలు మోసుకెళ్లింది ఈవిడేనని కండక్టరు చెప్పింది. పెద్దాయన రాలేదు.

"వస్తానన్నారు. మెట్ల దాకా వచ్చారు," అంది కండక్టరు మెల్లగా.

గాజు తలుపు అవతల, మెట్ల మలుపులో ఇస్త్రీ చొక్కా కనపడుతోంది. చేతులు జేబుల్లో.

భూతద్దం మీట నొక్కింది. యజమాని వంగి చూసి, "ఈ ఇసుకేంటమ్మా? నువ్వు చేసిందేనా ఇది?" అన్నాడు. చేతికర్రాయన కర్రను కింద పడేసి రెండు చేతులూ గాలిలోకి ఎత్తాడు. లావాయన తొడలు చరుచుకున్నాడు. ముగ్గురి చేతులూ ఒకేసారి లేచాయి, తెరకు బదులిస్తూ, ఒకరికొకరు అడ్డం పడుతూ. గది నిండా మాటలు ఎగురుతున్నాయి. భూతద్దం, యజమాని గోడకు ఆనుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కండక్టరు అనువాదం మొదలుపెట్టి, మధ్యలో మర్చిపోయి, తండ్రి చేతుల్లో మునిగిపోయింది. ఆ గదిలో ఏమీ వినపడనివాళ్లు గోడకు ఆనుకున్న ఆ ఇద్దరే.

పెద్దమనిషి మెడ వంచాడు. కుక్క తల వంచింది. తెల్లజుట్టావిడ నవ్వలేక కళ్లు తుడుచుకుంది. గాజు తలుపు అవతలి మనిషికి తెర కనపడదు, ఈ నలుగురి ముఖాలే కనపడతాయి. ఎక్కడ నవ్వుతున్నారో చూసి, ఏ మాట దగ్గరున్నారో పోల్చుకున్నట్టున్నాడు. తలుపు తెరుచుకుంది.

ఆయన తెర ముందుకు వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్ల మనిషి చేతులు కుట్టుసూదిలా సూటిగా వెళ్లి వస్తున్నాయి. ఎక్కడా పోగు పక్కకు పోలేదు. ఆయన చాలాసేపు చూశాడు. ఎప్పుడు తీశాడో తెలియదు గానీ, రెండు చేతులూ జేబుల్లోంచి బయట ఉన్నాయి. తెర మీద కథ అయ్యాక, ముగ్గురి వైపూ తిరిగి, ఆ వణికే చేతులతోనే ఏదో అన్నాడు. ముద్దగానే ఉండి ఉంటుంది. ముగ్గురూ కళ్లు చిట్లించి, తొందరపెట్టకుండా, చివరిదాకా చూశారు. తర్వాత గొల్లున నవ్వారు.

"ఏమన్నారు?" అంది భూతద్దం.

"కుక్క సంగతి అబద్ధమట. కథలో కలిపానంటున్నారు. పాతికేళ్ల నుంచి నమ్ముతున్నారు వీళ్లు."

వెళ్లబోతూ పెద్దాయన ఆమె ముందు ఆగాడు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి చేర్చి, కంటి ముందు పెట్టి, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ముందుకు సాగదీశాడు. సాగినంత మేరా చెయ్యి వణుకుతూనే వెళ్లింది. ముగ్గురూ తలాడించి, ఒకరి తర్వాత ఒకరు అదే చేసి చూశారు. కండక్టరు కూడా చేసింది.

"మీకు పేరు పెట్టారక్కా. మాలో అందరికీ అలాగే పెడతాం. ఇక మీ గురించి మాట్లాడినప్పుడల్లా ఇదే."

భూతద్దానికి వాళ్ల చేతుల్లో ఏదో వింతగా తోచింది. లావాయన చెయ్యి రాయిలా ఉంటుంది, కండక్టరుదీ అంతే. అయినా ఆ గుర్తు చేసేటప్పుడు నలుగురి చేతులూ సన్నగా వణికాయి.

"ఆ వణుకు కూడానా?" అని అడిగింది.

"నాన్న పెట్టింది అలాగే కదా," అంది కండక్టరు, అదొక అడగాల్సిన ప్రశ్నే కానట్టు. "వణుకు తీసేస్తే అది ఇంకెవరి పేరో అవుతుంది."

భూతద్దం రెండు వేళ్లూ దగ్గరికి చేర్చి, కంటి ముందు పెట్టి, సాగదీసింది. చెయ్యి నిలకడగా, గీత గీసినట్టు వెళ్లింది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చేసింది. మళ్లీ ఊపాడు. మూడోసారి ఆయన తన చెయ్యి తెచ్చి ఆమె మణికట్టు కింద పెట్టాడు. రెండు చేతులూ కలిసి దారాన్ని లాగాయి, అప్పుడు ఆయన అవునన్నాడు.